మందపు రేకు పై వైపున

"అచ్చుల ఒత్తినయి అచ్చు లెక్కనే ఉంటయి, నూనెల పడంగనే నోరు తెరుస్తయి, అప్పుడు మా అత్త చెప్పలేదనకుర్రి," అని సంగమ్మ మళ్లీ అందుకుంది. గరిజెలు, అంటే కజ్జికాయలు, అచ్చుతో ఒత్తాలా చేత్తో మూయాలా అని పొద్దున అన్నాల దగ్గర మొదలైన వాదం అది. మైదా నాని, పుట్నాల పొడి చక్కెరతో కలిసి, పొయ్యి మీద నూనె కాగే వేళ దాకా తెగలేదు. చిన్నకోడలు మౌనశ్రీ చౌబారా దగ్గరి దుకాణంలో కొన్న ప్లాస్టిక్ అచ్చు చేతబట్టుకొని, "ఇగో అత్తమ్మా, ఇట్ల పెడితే ఇట్ల మూసుకుంటది, అంచుకు పండ్లు గూడ పడతయి, ఊకె మీ వేళ్లెందుకు నొప్పి చేసుకునుడు" అంటూ ఒక గరిజె ఒత్తి చూపింది. చూపినాక ఆమెకు కనిపించదని గుర్తొచ్చి దాన్ని ఆమె అరచేతిలో పెట్టింది. సంగమ్మ దాని అంచు వెంట బొటనవేలు నడిపింది. "మూసినట్టే ఉంది గని మూసుకోలే," అని తీర్పు చెప్పింది. పెద్దకోడలు జగదేవి చిల్లుల గంటె పట్టుకొని పొయ్యి ముందు నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర మాట ఉంది, ఎందుకంటే అంచులు మూయడమే ఆమె కూడు. కొల్హార్ పారిశ్రామికవాడలో కార్లకు తలుపులు, బానెట్లు చేసి పంపే కంపెనీలో ఆమెది తనిఖీ పని. కారు తలుపంటే రెండు రేకులే, బయటికి కనిపించే నున్నటిదొకటి, లోపలి గతుకులదొకటి. బయటి దాని అంచును లోపలి దాని మీదికి మడిచి నొక్కుతారు, ఫాల్ కుట్టే ముందు చీర అంచు మడిచినట్టు. ఒక్క దెబ్బకు మడిస్తే మూల దగ్గర చిట్లుతుంది. మొదట సగం వంచాలి, ఆ తర్వాతే పడుకోబెట్టాలి. సంగమ్మ వేళ్లు కూడా మొదట అంచును లేపి, ఆ తర్వాత అదుముతున్నాయి, లేపి, అదుముతున్నాయి, చూపు లేని కళ్లు మాత్రం కిటికీ వైపు ఉన్నాయి.

కిటికీలోంచి ఏ చప్పుడూ లేదు. ఆదివారం గనక వైమానిక స్థావరం నుంచి శిక్షణ విమానాలు లేవవు. మిగతా రోజుల్లో బీదర్ ఆకాశం ఎప్పుడూ ఎవరో గుడ్డ చింపుతున్నట్టే ఉంటుంది, ఆ చప్పుడులో మాట్లాడటం అలవాటైన మనుషులు ఆదివారం పూట కూడా గట్టిగానే మాట్లాడతారు, గోడ అవతల కృపమ్మ చర్చి నుంచి వచ్చి కూతురితో గట్టిగా ఏదో అంటున్నది, బూట్లు విడవమనో, విడవొద్దనో. బూట్లు. జగదేవి మొదటి వాయి నూనెలోకి జారవిడిచింది. గరిజెలు మునిగి, తేలి, పక్కకు తిరిగాయి. దసరా అయిపోయింది, దీపావళి ఇంకా రాలేదు, ఈ గరిజెలు ఏ పండక్కీ కాదు. "పిల్ల మాట విన్నది గదా, నోరు తీపి చెయ్యాలె," అని నిన్న సంగమ్మే అంది. పిల్ల అంటే మౌనశ్రీ. విన్న మాట ఏమిటంటే, హైదరాబాద్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరకపోవడం. చేరవలసిన రోజు రేపు. రాత్రికి ఆమె భర్త జీవరాజ్, అంటే జగదేవి మరిది, పట్నం నుంచి వస్తాడు, రేపు పొద్దుటి రైలుకు తిరిగి వెళ్లి ఆ కంపెనీ వాళ్లకు ఆమె రావడం లేదని చెబుతాడు, అక్కడితో అయిపోతుంది. జీవరాజ్‌ది ప్లాట్ల దందా, సంగారెడ్డి చుట్టూ జొన్న చేలలో పాతిన తెల్లరాళ్ల మధ్య జనాన్ని కారులో తిప్పుతాడు. లింగంపల్లిలో గది ఉంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ గదిలో అతనొక్కడే వండుకుంటాడు, మౌనశ్రీ ఇక్కడ అత్తగారికి వండుతుంది, వారానికోసారి ఇద్దరూ చుట్టాల్లా ఎదురెదురుగా కూర్చొని చాయ్ తాగుతారు.

ఈ ఏర్పాటు ఎవరు చేశారని అడిగితే ఇంట్లో ఎవరూ చేయి ఎత్తరు. సంగమ్మకు చక్కెర రోగం, ఒక కంటి చూపును అదే తినేసింది, రెండో కంటిలో వెలుగు తెలుస్తుంది అంతే. పొద్దున తిండికి ముందు ఒక సూది, రాత్రి ఒక సూది. జగదేవి పగటి షిఫ్టుకు పొద్దునే కంపెనీ బస్సెక్కితే సాయంత్రమే రావడం, ఆమె భర్త ఓంకార్‌కు నౌబాద్‌లో మోటార్ వైండింగ్ దుకాణం, కూతురు అర్చిత గుల్బర్గాలో హాస్టల్లో ఉంటుంది. మిగిలింది చిన్నకోడలు. ఏర్పాటు అంతమాత్రమే. ఉద్యోగం వచ్చిందన్నప్పుడు అందరూ సంతోషపడ్డారు, ఓంకార్ మిఠాయి తెచ్చాడు, మౌనశ్రీ జహీరాబాద్‌లో తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది కూడా. ఆ తర్వాత సంగమ్మ బాత్రూమ్‌లో కింద పడింది, చక్కెర తగ్గి. ఎముక విరగలేదు, తల పగలలేదు, కానీ ఆ సాయంత్రం ఇంట్లో మాటలు వేరే దారి పట్టాయి. "ఇంట్ల ఆడమనిషి లేకుంటె ఎట్ల?" అని ఓంకార్ అన్నాడు, అది ఎవరినీ ఉద్దేశించిన మాట కాదన్నట్టు. "వదినెది పర్మినెంటు నౌకరి, దాన్నెట్ల ఇడుస్తది," అని జీవరాజ్ ఫోన్‌లో అన్నాడు. "నేనే ఉంట తియ్యిర్రి, ఫోన్ల నౌకరి ఎప్పుడైన దొరుకుతది," అని మౌనశ్రీ అంది. అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. జగదేవి భుజాలు కూడా. అది ఆమెకు గుర్తుంది. దాని గురించి ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఈ పొద్దున అత్తగారికి సూది ఇవ్వబోయే దాకా.

ఈ పొద్దున సూదులు, దూది, స్పిరిట్ సీసా ఎప్పుడూ ఉండే బిస్కట్ డబ్బాలో లేవు. ఒక కొత్త బూట్ల అట్టపెట్టెలో ఉన్నాయి. పెట్టె లోపల సన్నటి తెల్లకాగితం కూడా అట్లాగే ఉంది, దూది కింద పరిచి ఉంది. పట్నం కంపెనీలో చెప్పులు పనికిరావన్నారని మౌనశ్రీ కొనుక్కున్న నల్ల బూట్ల పెట్టె అది. "బూట్లేవి?" అని జగదేవి అడిగింది. "కృపమ్మ ఆంటీ బిడ్డకు ఇచ్చినక్కా. ఆ పిల్లకు సరిగ్గ సరిపోయినయి తెలుసా, కొలిచి కొన్నట్టు," అంది మౌనశ్రీ చాలా మామూలుగా, పెట్టె బాగా గట్టిదని, తేమ ఆగుతుందని కూడా చెప్పింది.

గరిజెలు బంగారు రంగుకు వస్తున్నాయి. జగదేవి ఒక్కొక్కదాన్నీ తిప్పి రెండో వైపు చూసింది. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే. ఈ మాట ఆమె రోజుకు ఎన్నిసార్లు అనుకుంటుందో. తలుపు అంచైతే మడతతో పోతుంది, బానెట్‌కు కీలు దగ్గర బలానికి వేసే మందపు ముక్కను మాత్రం గుండీలతో కలుపుతారు. మంట లేదు, మేకు లేదు, మర లేదు. రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెడతారు. పైనుంచి వేలంత ఉక్కు పంచ్ దిగుతుంది, కింద చిన్న గుంత ఉన్న డై ఉంటుంది, పై రేకు కింది రేకును తోసుకుంటూ ఆ గుంతలోకి దిగి, అక్కడ అటూ ఇటూ పరుచుకొని, ఇక వెనక్కి రాలేనంతగా ఇరుక్కుంటుంది. పైన చూస్తే గుంట, కింద చూస్తే చొక్కా గుండీ. చేయి పెడితే చల్లగానే ఉంటుంది, ఏమీ జరగనట్టు. కొత్తగా పనిలో చేరినప్పుడు జగదేవికి ఇది నమ్మబుద్ధి కాలేదు, కలపడమంటే ఏదో ఒకటి కరగాలి కదా, లేకపోతే మధ్యలో ఏదో ఒకటి దూరాలి కదా అనుకునేది. ఉత్త ఒత్తిడికే కలిసి ఉండటం ఏమిటి. ఆ తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో కూడా ఎవరూ కరగలేదు, ఎవరూ దూరలేదు, అయినా కలిసే ఉన్నారు.

వానాకాలంలో ఒకరోజు. షెడ్డు మీద వాన మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడని రోజు. లైన్ చివర చిన్న గది ఒకటుంది, పగటి షిఫ్టులో మాత్రమే తెరుస్తారు, తయారైన వాటిలోంచి ఒక బానెట్‌ను తీసి అక్కడ ఉలితో, పట్టకారుతో చీల్చి చూస్తారు. అందరూ దాన్ని తోడ్‌ఫోడ్ గది అంటారు. మంచి అతుకు ఊడదు, ఎంత లాగినా గుండీ గుండీలానే ఉండి చుట్టూ రేకు చిరుగుతుంది. ఆ చిరుగును చూడటం జగదేవికి ఇష్టం. ఇంట్లో ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు గానీ, ఆ గదిలో ఉలి పెట్టి సుత్తి వేసే ముందు ఒక క్షణం ఉంటుంది, అప్పుడు ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి భార్యా కాదు. ఆ రోజు ఉలి పెట్టి కొంచెం మెలి తిప్పేసరికి గుండీలు పండిన రేగుపండ్లలా రాలిపోయాయి. సూపర్‌వైజర్ కాశప్ప, బసవకళ్యాణ్ మనిషి, పరుగెత్తుకొచ్చాడు. "గేజ్ బరాబర్ వచ్చింది గదా జగదేవక్కా, నువ్వే చూసినవ్ గదా!" చూసింది. గుండీ అడుగు మందం గేజ్‌తో కొలిచింది, సరిగ్గా ఉంది. పైన గుంటలూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కాశప్ప రాలిన గుండీని వెల్తురుకు పట్టి చూసి, తల గోక్కొని, లైన్ మొదటికి నడిచాడు. అక్కడ ముక్కలు ఎక్కించే సారమ్మ మందపు ముక్కను ముందు కిందికి వేసి, దాని మీద పలచటి రేకు పరుస్తున్నది. రేకుల్ని కదలకుండా పట్టే చట్రంలో ఏది ఎటు పెట్టినా పట్టేది. "బరువుది ముందుగాల వేస్తే చేతికి వీలుగుంటది సారూ," అంది సారమ్మ. అంతే. చేతికి వీలు. మందపు రేకు ఎప్పుడూ పై వైపున, పంచ్ పడే వైపున ఉండాలి. దెబ్బ తగిలేది పై రేకుకు, అది సాగి కిందికి దిగేటప్పుడు దాని మెడ పలచబడుతుంది, మందంగా ఉన్నది తట్టుకుంటుంది, పలచనిది తట్టుకోదు. తట్టుకోకపోయినా పైకి తెలియదు, గేజ్‌కూ తెలియదు. చీల్చితేనే తెలుస్తుంది. సారమ్మను ఎవరూ తిట్టలేదు, చట్రానికి ఒక మొల కొట్టారు, ముక్క తిరగేసి పెడితే ఇక పట్టదు.

"అక్కా, ఎర్రగైతున్నయి," అంది మౌనశ్రీ. జగదేవి వాయి తీసింది. అచ్చులో ఒత్తినవేవీ నోరు తెరవలేదు. తెరిచింది సంగమ్మ చేత్తో చేసిందొకటి, పొడి ఎక్కువ కూరినట్టుంది, పక్కన చీలి చక్కెర నల్లగా మాడింది. జగదేవి దాన్ని గంటె చాటున తీసి విడిగా పెట్టింది. మౌనశ్రీ చూసింది. "ఏమాయె, తెరిసినయా నోర్లు?" అని సంగమ్మ గెలిచిన గొంతుతో అడిగింది. "తెరిసినయి అత్తమ్మా, నీ మాటే గెలిచింది," అంది మౌనశ్రీ. ఎంత తేలిగ్గా అనేసింది. ఆ వెంటనే అచ్చును ఫోన్‌లా చెవికి ఆనించుకొని, ముక్కుతో మాట్లాడుతున్నట్టు గొంతు మార్చి, "థాంక్యూ ఫర్ కాలింగ్ సంగమ్మ గరిజెల్ సెంటర్, హౌ మే ఐ హెల్ప్ యూ?" అంది. "ఏందే, నా పేరు పెట్టి ఎవరినో తిడుతున్నవ్?" అని సంగమ్మ. "నిన్ను కాదు, అమెరికోళ్లను తిడుతున్న. మీకు నోరు తీపి కావాల్నా, అయితె ఒకటి నొక్కుర్రి, పండ్లు లేకుంటె రెండు నొక్కుర్రి." సంగమ్మ నవ్వు ఆపుకోలేక పిండి చేతులతోనే కళ్లు తుడుచుకొని మొహమంతా మైదా చేసుకుంది. మౌనశ్రీ కొంగుతో తుడిచింది. అందరూ నవ్వుతున్నారు. జగదేవి కూడా నవ్వింది, నవ్వుతూనే ఆ గొంతును విన్నది. పోయిన నెలంతా మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ పిల్ల సాధన చేసిన గొంతే అది. విమానాల మోతలో తనకు తప్ప ఎవరికీ వినిపించదనుకొని, ఒక్కొక్క మాటను తిప్పి తిప్పి, నున్నగా అయ్యేదాకా. పొద్దున బస్సుకు పోయే ముందు కింద చేదబావి దగ్గర నిలబడి జగదేవి ఎన్నోసార్లు విన్నది. నిన్నటి నుంచి మేడ మీద ఏ చప్పుడూ లేదు. సరదాకు అన్నదేమో. పైనుంచి చూస్తే సరదానే. గేజ్ పెట్టినా సరదా అనే చూపిస్తుంది. మనుషులు రేకులు కారు, అట్లాంటి పోలికలు పెట్టుకునే అలవాటు జగదేవికి లేదు, కంపెనీని గేటు దగ్గరే వదిలి రావాలని ఆమె నియమం. కానీ పొయ్యి ముందు నిలబడి చేసే పని చేతులది. తల ఊరికే ఉంటుంది, ఊరికే ఉన్నది ఊరుకోదు.

చేతికి వీలుగా ఉంటుందని. తనకు ఇంట్లో మాట చెల్లుతుంది. తను ఒక మాటంటే ఓంకార్ కోపగించుకుంటాడేమో గానీ కాదనడు. సంగమ్మ తన మీద అలుగుతుంది, అయినా తను పెట్టింది తింటుంది. ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో తలుపులూ గోడలూ తనకు అలవాటయ్యాయి, తనూ వాటికి అలవాటైంది, తన మీద ఏం పడ్డా పెద్దగా వంగదు. మౌనశ్రీ వచ్చి నిండా రెండేళ్లు కాలేదు, ఇంకా వంటింట్లో డబ్బా మూత తీసే ముందు ఒకసారి చుట్టూ చూస్తుంది. దెబ్బ పడే పై వైపున అందరూ కలిసి పెట్టింది ఆ పిల్లను. కాశప్ప దసరా రోజు మిషన్లకు పూజ చేసి, కొబ్బరి ముక్క చేతిలో పెడుతూ అన్నాడు, "వచ్చే నెల నేను పుణె పోతున్న అక్కా, తోడ్‌ఫోడ్ గది తాళంచెవి నీ దగ్గరనే ఉంటది ఇగ, నీ రాజ్యం." ఆ మాట కూడా ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే ఓంకార్ "జీతం పెరుగుతదా?" అంటాడు, పెరగదంటే "మరెందుకు?" అంటాడు. ఎందుకో చెప్పడం ఆమెకు రాదు. చెవి. జేబులో వేసుకుంటే బరువుగా ఉండే ఇత్తడి చెవి. ఆ గది ఇప్పుడు తనున్న పగటి షిఫ్టుకే. పొద్దుటి షిఫ్టులో చేరిన వాళ్లు లైన్ పక్కన గేజ్ పట్టుకొని నిలబడతారు, కొలుస్తారు, టిక్కు పెడతారు, ఏదీ విప్పి చూడరు. కానీ చీకటితో పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, రాత్రి సూది దాకా. మిగిలేది పొద్దున.

పొద్దుటి సూది. ఓంకార్ సూది చూస్తే గోడ వైపు తిరుగుతాడు. దుకాణంలో వెంట్రుకంత రాగితీగను మోటారులో చుట్టచుట్టగా దించే మనిషి, ఒకసారి అమ్మకు సూది పెట్టమంటే చెమటలు పట్టి, "నా చేతులు పెద్దగుంటయి, నాతోని కాదు," అన్నాడు. అందరూ నవ్వారు, అది అక్కడితో ఇంట్లో సామెతలా నిలిచిపోయింది. ఓంకార్ చేతులు పెద్దగుంటయి. జగదేవికి నవ్వు రాలేదు ఇప్పుడు. చివరి వాయి వేసింది. నూనె శాంతించింది. గోడ అవతల కృపమ్మ పిల్లతో అంటున్నది, ఈసారి మాట స్పష్టంగా వినిపించింది, "ఇంట్ల ఏసుకోకు, బడికి ఏసుకపోదువు." రోజూ ఓంకార్ దుకాణం తీసే వేళకు కృపమ్మ పని ముగించుకొని వచ్చి సంగమ్మ మంచం మీద కూర్చొని తమలపాకులు నములుతూ ఊళ్లో సంగతులన్నీ చెబుతుంది, పొమ్మన్నా పోదు.

దీపాల వేళకు జీవరాజ్ వచ్చాడు, చొక్కా మీద ఎర్రమట్టి దుమ్ముతో. "సదాశివపేట దాక రేట్లు లేసినయి అన్నా, జొన్నకర్రకు గూడ రేటు కడుతున్నరు," అన్నాడు చెప్పులు విడుస్తూ. ఓంకార్ దుకాణం దుమ్ము కడుక్కొని వచ్చి పీట మీద కూర్చున్నాడు. సంగమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆమె పళ్లెంలో తడిమి, చేత్తో మూసిన గరిజె ఒకటి ఏరుకొని, "మౌనా, ఇటు రా," అంది. మౌనశ్రీ మోకాళ్ల మీద కూర్చొని నోరు తెరిచింది. సంగమ్మ గరిజెను గడ్డానికోసారి, ముక్కుకోసారి తగిలించి నోరు వెతికి పెట్టింది. "నా బంగారి బిడ్డ. ఇల్లు నిలబెట్టినవ్." మౌనశ్రీ నములుతున్నది, నవ్వుతున్నది. మింగడానికి మెడ ఒకసారి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. సన్నటి మెడ. జగదేవి చూస్తూనే ఉంది. జీవరాజ్ కూడా గరిజె అందుకొని, భార్య వైపు చూడకుండా, "రేప్పొద్దున చెప్పొస్త ఆళ్లకు. ఏమనరులే, పట్నంల మస్తు మంది దొరుకుతరు," అన్నాడు.

"చెప్పకు," అంది జగదేవి.

గొంతు పెంచలేదు. అయినా అందరూ ఆమె వైపు తిరిగారు, ఎందుకంటే ఆమె పళ్లెం కింద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంటున్నది, కంపెనీలో తనిఖీకి ముందు తుడుచుకున్నట్టు. "రేపటి రైలుకు మౌన నీతోనే పోతది, నౌకరిల చేరుతది. నేను పొద్దుటి షిఫ్టుకు మారుత, రేపు పోంగనే కాశప్పకు చెప్త. పగటన్నానికి ఇంట్ల ఉంట, రాత్రి సూది నేనిస్త. దుకాణం తీసేటాళ్ల సంది నేనొచ్చే దాక కృపమ్మ ఉంటది, ఎట్లయిన రోజు వచ్చి కూసుంటది గదా, ఇప్పుడే పోయి అడిగొస్త." సంగమ్మ నోరు తెరిచింది, అలకకు ముందు తెరిచినట్టే. జగదేవి ఆమె మోకాలి మీద చేయి వేసి ఉంచింది, తీయలేదు. "మరి పొద్దుటి సూది?" అని ఓంకార్ నెమ్మదిగా, సమాధానం తెలిసిన మనిషిలా అడిగాడు. "అది మీరియ్యాలె. నేను చూపిస్త, ఇయ్యాల రాత్రి సూది మీ చేతనే ఇప్పిస్త. మీ చేతులు పెద్దగుంటె ఏమాయె, తీగలెక్కనే ఉంటది."

జీవరాజ్ చేతిలో సగం కొరికిన గరిజె లోంచి పొడి రాలుతున్నది. మౌనశ్రీ నోట్లోది మింగలేదు, నమలలేదు, అట్లాగే కూర్చున్నది. జగదేవి పక్కకు పెట్టిన చీలిన గరిజెను తీసుకొని, మాడిన మూల తుంచేసి నోట్లో వేసుకుంది. ఆ తర్వాత చిన్నకోడలి వైపు చూసి, పెరుగు తెమ్మన్నంత మామూలుగా అంది, "కృపమ్మోళ్లు నిద్రపోక ముందుగాలనే పోయి నీ బూట్లు తెచ్చుకో."